జానెడు జాగా

ఆదివారం పొద్దున్నే దర్జీ తాతగారు కాఫీ తాగి, మెడలో టేపు వేసుకుని శ్మశానానికి బయలుదేరారు.

"మళ్ళీ ఎక్కడికి నాన్నా?" అంది కూతురు.

"మీ అమ్మ దగ్గరికే. ఇవాళ కొలతలు తేల్చుకుని వస్తా."

భార్యాభర్తలిద్దరూ ఓపిక ఉన్న రోజుల్లోనే అక్కడ పక్కపక్కన రెండు స్థలాలు కొనుక్కున్నారు. కొట్లో ఆయన బట్ట కత్తిరిస్తే, ఎదురుగా కూర్చుని ఆవిడ కాజాలు కుట్టేది. ఒకే దీపం కింద కాపురమంతా గడిచిపోయింది. "అక్కడైనా కాస్త జరిగి పడుకోండి. మంచమంతా మీదే అన్నట్టు కాళ్ళూ చేతులూ చాపేస్తారు," అనేది. ఆ విసుగు కోసమే ఆయనకిప్పుడు ప్రాణం కొట్టుకుపోతోంది.

ఆవిడ ముందు వెళ్ళిపోయింది. ఈమధ్య అవతలి పక్క లేచిన పాలరాతి సమాధి గట్టు మెల్లగా తాతగారి స్థలంలోకి దూరింది. శ్మశానం మేనేజరుతో మొరపెట్టుకుంటే, "వయసుతో మనిషీ కుదించుకుపోతాడు తాతగారూ. మీ టైముకి అతికినట్టు సరిపోతుంది," అని నవ్వేశాడు. ఇరుకైపోయిందని చెప్పి తనను ఏ మూలకో తోసేస్తారేమోనని తాతగారి బెంగ.

వెళ్ళగానే కొలిచారు. జానెడు తక్కువ. అయినా నమ్మకం చాలక తానే పడుకుని చూశారు. మోచెయ్యి పాలరాతికి తగిలింది. "ఇరుకుగానే ఉందే," అని భార్యతో చెప్పుకున్నారు. చల్లటి గాలి, పక్కన ఆవిడ. చాన్నాళ్ళకి హాయిగా నిద్ర పట్టేసింది.

మొహం మీద బట్ట పడేసరికి మెలకువ వచ్చింది.

"తొందరగా కప్పు! తాతగారు పోయినట్టున్నారు," మేనేజరు గుంతలు తవ్వేవాడి మీద గుసగుసగా అరుస్తున్నాడు. "తనిఖీ మేడమ్ గేటు దాటేసింది. శవాన్ని ఆరుబయట వదిలేశామంటే నా లైసెన్సు గల్లంతే!"

తాతగారు లేవబోయారు. అప్పటికే శ్మశానాలను తనిఖీ చేసే అధికారిణి వచ్చేసింది.

"ఎవరిది?"

"ఇప్పుడే తెచ్చారు మేడమ్. బంధువులు పూల కోసం వెళ్ళారు. ఇక్కడే పూడుస్తున్నాం, ఇది ఆయన సొంత స్థలం. భార్య పక్కనే ఉండాలని కొనుక్కున్నారు పాపం."

తాతగారు ఎత్తబోయిన తల దించేశారు. ఇంత మంచి మాట మేనేజరు నోట ఆయన వినడం ఇదే మొదలు.

"చేతిలో టేపేంటి?"

"దర్జీ మేడమ్. దాంతోనే పంపమని ఆఖరి కోరిక."

అధికారిణి టేపు లాగింది. తాతగారు వేళ్ళు వదులు చేసి చేతనైన సాయం చేశారు. ఆవిడ కొలిచి చూసింది.

"అమ్మిన కొలతకి జానెడు తక్కువుంది. ఈయన్ని ఎలా దింపుతావు, మడత పెట్టా? నా కళ్ళముందే ఆ గట్టు వెనక్కి జరిపించు."

గునపాలు లేచాయి. కప్పిన బట్ట ఆఫీసు కర్టెను. దాని అంచు వంకరటింకరగా కుట్టి ఉంది, పైగా నిండా దుమ్ము. తాతగారికి తుమ్ము ముంచుకొచ్చింది. నలుగురిలో ఇలాంటి అవస్థ వస్తే భార్య చాటుగా గిల్లి ఆపేది. ఇప్పుడు గిల్లేవాళ్ళెవరు? తనను తానే గిల్లుకున్నారు, ఆవిడ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆఖరి రాయి కదిలేదాకా బిగబట్టి, ఆ తర్వాత దిక్కులదిరేలా తుమ్మి లేచి కూర్చున్నారు.

గుంతలు తవ్వేవాడు గునపం పారేసి పరుగెత్తాడు. మేనేజరు ఉన్నచోటే కూలబడ్డాడు. అధికారిణి మాత్రం నిలబడింది, టేపు గట్టిగా పట్టుకుని.

"ఇప్పుడు సరిపోయిందమ్మా," అన్నారు తాతగారు.

"బతికుండి ఇదేం పనండీ!"

"బతికున్న మనిషిగా చాలాసార్లు అడిగి చూశానమ్మా."

అధికారిణి మేనేజరు వైపు తిరిగింది. "ఆ గట్టు మళ్ళీ అంగుళం కదిలిందా, నీ లైసెన్సు ఉండదు."

తాతగారు కర్టెను మడిచి, అంచు సరిచేసి ఇస్తానని చంకలో పెట్టుకున్నారు. భార్య రాయి మీద చెయ్యి వేసి, "ఇక జరిగి పడుకుంటాలే," అన్నారు.

మేనేజరు తేరుకుని చేతులు జోడించాడు. "మీకు దణ్ణం పెడతా తాతగారూ. ఈసారి ఇక్కడ పడుకునే ముందు నాకో మాట చెప్పండి."

"అలాగే బాబూ. ఒక్కసారి మాత్రం కుదరకపోవచ్చు."