పిల్లి ఇంటికి శిలాఫలకం

ఇల్లు కట్టాలంటే ముందు పునాది తియ్యాలని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. అది తప్పు. ఈ భూమండలం మీద ఏ కట్టడానికైనా ముందు లేవాల్సింది శిలాఫలకం. పునాది లేకపోయినా కట్టడం కొంతకాలం నిలబడుతుంది. శిలాఫలకం లేకపోతే అసలు మొదలే కాదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదవలేదు (బడిలోకి నేను వెళ్ళింది ఓటెయ్యడానికే). ట్రాక్టరు మీద నాపరాళ్ళు తోలి తోలి తెలుసుకున్నాను.

మా ఊరు దుర్గి పక్కన. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే దయామణక్క దగ్గరకు ఒక పిల్లి చేరింది. రంగు చూసి అక్క దానికి బెల్లం అని పేరు పెట్టింది. బెల్లం రాకముందు బడి బియ్యం సగం పిల్లలు తినేవారు, సగం ఎలుకలు తినేవి. అది వచ్చాక ఎలుకలు మూటాముల్లె సర్దుకుని కృష్ణ దాటి తెలంగాణకు వలసపోయాయి. అక్కడ స్థానికులమని రుజువు చేసుకోలేక కొన్ని వెనక్కి వస్తుంటే పడవవాడు చూశాడు. ఆ పడవవాణ్ణి నేను చూశాను. కాబట్టి ఇందులో అబద్ధానికి తావు లేదు.

అంత సేవ చేసినా బెల్లానికి వంటగదిలోకి ప్రవేశం లేదు. అక్కడ జంతువులు ఉండరాదని తనిఖీకొచ్చినాయన గోడ మీద రాయించి పోయాడు. (ఎలుకల ఊసు ఎత్తలేదు. వాటికి చదవడం రాదని వదిలేసి ఉంటాడు.) అందుకని అది బయట ప్రహరీ గోడ వారన పడుకునేది. కిందటి వానాకాలం అక్కడే పిల్లల్ని పెట్టి, ఒక్క జల్లుకు అన్నిటినీ పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. పైన మబ్బులు పట్టాయి.

"తమ్ముడా, నాలుగు నాపరాళ్ళు తెచ్చి గోడకు ఆనించరా. అది పిల్లల్ని పెట్టేలోపు నెత్తిన ఇంత నీడ ఉంటే చాలు" అంది దయామణక్క.

నేను ఆ పూటే తెచ్చేవాణ్ణి. కానీ అక్క ఒక పొరపాటు చేసింది. గోడ బడిది, కింద నేల పంచాయతీది, అడగడం మర్యాద అనుకుని గ్రామసభలో లేచి నిలబడి ఆ మాటే పైకి అనేసింది. (తన సొంత ఇంటి కోసం అక్క పెట్టుకున్న అర్జీ అప్పటికే ఎన్నో ప్రభుత్వాలను చూసింది. అక్క ఇంకా అద్దె రేకుల కిందే ఉంది. ఇంత అనుభవం ఉండీ అడిగింది.)

పంచాయతీలో ఇళ్ళ పనులు చూసే శరత్ మంచి కుర్రవాడు. వెంటనే ఫోను తీశాడు.

"స్కీము ఉందక్కా! బయటి జీవాల నీడ పథకం. కాకపోతే లబ్ధిదారుకి ఆధార్ ఉండాలంట."

"పిల్లికి ఆధార్ ఏందయ్యా?"

"లేకపోతే పెంచేవాళ్ళది పెట్టొచ్చు. నీ నంబరు చెప్పు. ఊరికే, ఫారం నింపడానికి."

అక్క చెప్పింది.

తర్వాత మొహం పరీక్ష. శరత్ నేల మీద బోర్లా పడుకుని ఫోను బెల్లం మొహానికి ఎదురుగా పెట్టాడు. కళ్ళు ఆర్పండి అని అడిగింది యాప్. బెల్లం ఆర్పలేదు. పిల్లి సంగతి తెలిసిందే కదా, జిల్లా అధికారి వచ్చి నిలబడ్డా తేరిపార చూస్తుంది.

"ఏమే, ఒక్కసారి ఆర్పవే! ఆ మాత్రం చేతగాదా నీకు?" అని దయామణక్క బతిమాలింది. తను ఆర్పి చూపించింది. నేనూ ఆర్పాను. గోడ అవతల టీ తాగేవాళ్ళు కూడా ఆర్పారు.

లబ్ధిదారు బతికి ఉన్నట్టు నిర్ధారణ కాలేదు అని చెప్పింది యాప్. అదే క్షణాన బెల్లం ఫోను మీదుగా దూకి, ఒక ఎలుకను పట్టి, శరత్ ముక్కు ముందే తినేసి మూతి తుడుచుకుంది.

"బతికే ఉందిగా సామీ!" అన్నాను.

"కనపడుతుందన్నా. కానీ ఇందులో ఎలుకను తినే ఆప్షన్ లేదు. కళ్ళే ఆర్పాలి."

చివరికి అక్క ఇంటికెళ్ళి రొయ్యపొట్టు తెచ్చింది. ఆ వాసనకు బెల్లం సుఖంగా కళ్ళు మూసి తెరిచింది. ప్రభుత్వం దృష్టిలో అప్పుడు పుట్టింది.

ఇల్లు మంజూరైంది. ఇక శిలాఫలకం.

మా ఊళ్ళో రెండు బజార్లున్నాయి. తూర్పు బజారుకు రామకోటయ్య బాబాయి పెద్ద. పడమర బజారుకు వీరయ్య మామ పెద్ద. వాన ఒక బజారులో ముందు పడితే రెండో బజారుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఊరు మాది. దుర్గిలో అక్షరాలు చెక్కే రఫీక్ దగ్గరకు నన్నే పంపారు.

"పిల్లి పేరు ఎక్కడ చెక్కమంటావు?" అని అడిగాడు రఫీక్.

"చోటు మిగిలితే చూద్దామన్నారు."

మిగల్లేదు.

మొదటి రాయి మీద రామకోటయ్య బాబాయి పేరు పైన ఉంది. "అంటే ఏంది? మేం ఆయన కాళ్ళ కింద ఉండాల్నా?" అన్నాడు వీరయ్య మామ. రెండో రాయి మీద వీరయ్య మామ పేరు పైకి పోయింది. "వాడేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డాడా ఏంది, పైకి ఎక్కించారు?" అన్నాడు బాబాయి. మూడో రాయి మీద రెండు పేర్లూ ఒకే వరుసలో పెడితే, ఎడమ పక్క ఎవరు ఉండాలన్నది తేలలేదు. నాలుగో దాని మీద అన్నీ కుదిరాయి గానీ మామ పేరు వెనక 'గారు' ఎగిరిపోయింది. ఆ రోజు పడమర బజారు వాళ్ళు టీ కూడా తాగలేదు.

వద్దన్న రాళ్ళను ఏం చెయ్యాలి? మా దగ్గర పెద్దమనిషి పేరున్న రాయిని పగలగొట్టకూడదు. బోర్లా వెయ్యకూడదు. ఒకదాని ముందు ఒకటి పెట్టి పేరు కప్పెయ్యకూడదు. అందుకని రెండిటిని పక్కపక్కన ప్రహరీ గోడకు ఏటవాలుగా ఆనించాను. మూడోదాన్ని ఒక చివర అడ్డంగా నిలబెట్టాను. నాలుగోదాన్ని పేరు ఆకాశానికి కనపడేట్టు వాటి పైన పరిచాను. మర్యాదకు ఎక్కడా లోటు రానివ్వలేదు.

ఇంతలో వాన వచ్చింది. మామూలు వాన కాదు, నా ట్రాక్టరు ట్రాలీలో చేపలు ఈదాయి. (నాలుగు అమ్ముకున్నాను కూడా.) బెల్లం కనపడలేదు. దయామణక్క గోనెపట్టా కప్పుకుని బడి చుట్టూ తిరిగింది. "బెల్లం... ఏమే బెల్లం..." అని పిలుస్తుంటే గొంతు పోయింది. కిందటేడు ఆ పిల్లల్ని తన చేతులతోనే పూడ్చింది మరి.

గోడ దగ్గర సన్నగా కూత వినపడింది. వంగి చూశాం. రెండు రాళ్ళ వెనక, పొడి నేల మీద, బెల్లం. దాని పొట్టకు అంటుకుని నాలుగు పిల్లలు. పైన మామ పేరు, పక్కన బాబాయి పేరు కాపలా కాస్తున్నాయి. మా ఊరి రెండు బజార్లూ కలిసి చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

"నువ్వు అర్జీ పెట్టలా. అందుకే నీకు ముందు దొరికింది" అని దయామణక్క దాని తల నిమిరింది.

అయిదో రాయి సిద్ధమైంది. రఫీక్ తెలివిగా పేర్లన్నీ గుండ్రంగా చెక్కాడు. తనతోనే మొదలైందని బాబాయి, కాదు తనతోనే అని మామ, ఇద్దరూ సంతోషపడ్డారు. వాన వెలిసిన పొద్దున పూలదండలతో వచ్చారు.

"ఈ పాత రాళ్ళేంది, ఫొటోకి అడ్డం? తీసెయ్యండి" అన్నాడు బాబాయి. ఇద్దరు మనుషులు ముందుకొచ్చారు.

దయామణక్క అన్నం గరిటెతో అడ్డంగా నిలబడింది. నేను గొడవ అవుతుందనుకున్నాను. అక్క చానా మర్యాదగా అడిగింది.

"తీస్తాం బాబాయ్. ముందు ఎవరి పేరు తియ్యమంటారు?"

ముందుకొచ్చిన ఇద్దరూ ఆగి పెద్దల వైపు తిరిగారు.

"పైనుండేది నాది. దాని జోలికి రామాకండి" అన్నాడు మామ.

"పక్కనుండేది నాది. జరిపితే బాగుండదు" అన్నాడు బాబాయి.

మనుషులు వెనక్కి పోయారు. ఈ రోజుకీ ఒక్క రాయి కదల్లేదు.

రిబ్బను కత్తిరించాక ఇల్లేదని ఎవరో అడిగారు. వచ్చిన నిధులన్నీ ఫలకాలకే అయిపోయాయి. శరత్ కంగారుపడి ఆ రాళ్ళగుట్టనే ఫొటో తీసి, పని పూర్తయిందని పంపించాడు. అయితే ఇల్లు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది, అంటే అక్క ఇచ్చిన ఆధార్ నంబరు మీదికి.

వారం తిరక్కుండా దయామణక్క ఫోనుకు కబురొచ్చింది. తమరికి రాతి గోడల పక్కా ఇల్లు ఇచ్చినందున, తమ పాత ఇంటి అర్జీని సంతోషంగా మూసివేశాం అని. శరత్ ఫోనులో వెతికి చెప్పాడు. సరిచేయించాలంటే అక్క ఆ ఇల్లు ఖాళీ చేసినట్టు ఫొటో పెట్టాలంట.

అక్క ఫోను పక్కన పెట్టింది. తర్వాత పప్పు కలుపుతూ అంది.

"పోనీలే తమ్ముడా. ఇల్లు నా పేరు మీదేగా! వానలు పోయేదాకా ఓ మూల నాకూ చోటిస్తదేమో అడిగి రా."

వెళ్ళి అడిగాను. బెల్లం కళ్ళు ఆర్పలేదు.