తారుగంప సూర్యుడు

పెళ్లయి నలభై రెండు రోజులైనా, పొద్దున్నే ఫిల్టరులోంచి కాఫీ చుక్కలు పడే చప్పుడు వింటే కరుణాకుమారికి ఇంకా పండగలాగే ఉంటుంది. ఆ చప్పుడుకు తోడు కిటికీ అవతల సముద్రం. కిటికీ ఇవతల బనీనుతో కూర్చుని నిన్నటి పేపరు చదువుకునే భర్త జయకుమార్. ఇన్ని సుఖాలు ఒక్క మనిషికే ఇచ్చేయడం దేవుడు పొరపాటున చేసిన పని కాదు గదా అని ఆమెకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

"ఏమండీ, ఆ వార్త ఇంకొక్కసారి చదవండి."

"నాలుగోసారి, కుమారీ! 'శుక్రవారం నాడు ఇకారస్ అనే చిన్న గ్రహం భూమికి నలభై లక్షల మైళ్ల దూరంలో దాటిపోతుంది. దాని వెడల్పు ఇంచుమించు ఒక మైలు. భయపడనక్కర్లేదు.' చాలా?"

చాలు. ఆ శుక్రవారం ఈరోజే, 1968 జూన్ పధ్నాలుగు. కరుణకు ఇది రెండు విధాల ముఖ్యమైనది. జువ్వలదిన్నెకు కాస్త దక్షిణంగా ఉన్న ఈ సరుగుడుపాలెం మిషన్ బడిలో జయకుమార్ జనవరి నుంచి సైన్సు పంతులు. అక్కడే రెండో పంతులు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. బడి కరస్పాండెంటు పరంజ్యోతి గారు ఈరోజు పదింటికి కావలి నుంచి వచ్చి, బి.ఎస్సి. ప్యాసైన కరుణ చేత ఒక పాఠం చెప్పించి చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఇక్కడే. నచ్చకపోతే సోమవారం ఆమె సూళ్లూరుపేట వెళ్లి అక్కడి బడిలో వచ్చిన ఉద్యోగంలో చేరాలి. అంటే కాపురం ఆదివారాలకే.

అందుకే ఆ గ్రహం పాఠాన్నే ఇసుకలో చెప్పాలని ఆమె నిశ్చయించుకుంది. రెండున్నర అడుగుల గంప సూర్యుడైతే, భూమి శనగగింజంత ఉంటుంది, తొంభై గజాల దూరంలో. ఈ లెక్క వేసినప్పుడు సంతోషం పట్టలేక ఆమె భర్త చెవి మెలిపెట్టింది.

గంప కోసం వెతకనక్కర్లేకపోయింది. వలల పాక చూరుకు తారు పూసిన పెద్ద గంప ఒకటి వేలాడుతోంది. ఒడ్డున ఎత్తయిన వాసం నాటి ఉంది. దాని కొసకు కప్పీ, కప్పీకి తాడు కూడా ఉన్నాయి.

"ఎవరో మనకోసమే అమర్చిపెట్టినట్టుంది!" అంది కరుణ.

ఆ వేళకు మగవాళ్లంతా వేటలో ఉన్నారు. అడగడానికి ఒడ్డున ఎవరూ లేరు. ఇద్దరూ గంపకు గంజితో పసుపుపచ్చ కాగితాలు అంటించి, పైకి లాగి కట్టారు. సూర్యుడు ధగధగలాడాడు. అక్కడి నుంచి అడుగులు కొలుచుకుంటూ పోతే, భూమి సరిగ్గా బడి మెట్టు దగ్గరకు వచ్చింది. దాన్ని శుభశకునంగా తీసుకుని ఇద్దరూ రెండో కాఫీకి ఇంటికి వచ్చేశారు. పడమటిగాలి లేచింది గాని, వాళ్లు దాన్ని హాయిగా ఉందనుకున్నారే తప్ప గంజి ఇంకా ఆరలేదన్న సంగతి తలుచుకోలేదు.

ఎనిమిదిన్నరకు ముసలమ్మ వచ్చింది. రోజూ వాళ్లింటికి చేపలు తెచ్చే ముసలమ్మ ఈసారి చంకలో కోడిపెట్టతో పరుగెత్తుకొచ్చింది.

"అమ్మణ్ణీ, ఇంకా జడేసుకుంటా ఉండావా? గంప ఎక్కింది, చూళ్లా?"

"ఏ గంప ముసలమ్మా?"

"ఏ గంపేంది మే! తుఫాను గంప! నెల్లూరు నించి తంతి వస్తే మా ఊరిపెద్ద పోలేరయ్య వాసానికి ఎక్కిస్తాడు గదా. అది కనపడితే తెప్పలన్నీ ఎనక్కి తిరగాల. ఇళ్లు ఖాళీ చేసి బడికి పోవాల. ఊళ్లో మిద్దె అదొక్కటే గదా. లే, లే!"

కరుణ కిటికీ దగ్గరకు వెళ్లింది. వాసం మీద పసుపు అన్నది మచ్చుకైనా లేదు. నల్లటి గంప నిగనిగలాడుతోంది. సముద్రం మీద తెరచాపలన్నీ ఒడ్డుకు తిరిగి ఉన్నాయి. ఆమె చేతిలోని జడ దానంతటదే విడిపోయింది. గత వర్షాకాలం తర్వాత ఈ ఊరికి వచ్చిన జయకుమార్ ఇంతవరకు తుఫాను చూడలేదు, గంపా చూడలేదు.

ఇద్దరూ వాసం దగ్గరకు పరుగెత్తారు. అప్పటికే మాల్యాద్రి అనే వస్తాదులాంటి జాలరి తెడ్డు పట్టుకుని తాడుకు కాపలా నిలబడ్డాడు.

"పోలేరయ్య మామ తెప్ప రాలేదు. ఆయన వచ్చేదాకా తాడు ముట్టుకోబాకండి."

"తుఫాను లేదన్నా! అది సూర్యుడు!" అంది కరుణ రొప్పుతూ.

మాల్యాద్రి తలెత్తి ఆకాశంలో సూర్యుణ్ణి చూశాడు. తర్వాత గంపను చూశాడు. తర్వాత జయకుమార్‌ను జాలిగా చూశాడు.

"అయ్యోరా, అమ్మకు ఎండదెబ్బ తగిలినట్టుండాది. నీడకు తీసకపో."

కరుణకు నిజం చెప్పడం ఒక్కటే దారి అనిపించింది. ఈరోజు ఒక చిన్న గ్రహం భూమి పక్కగా పోతుందనీ, దాన్ని పిల్లలకు చూపడానికే ఈ ఏర్పాటనీ చెప్పింది. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె ముందుకు జరిగింది.

"గ్రహమంటే రాయేనా అమ్మణ్ణీ? ఎంతుంటాది?"

"మైలు వెడల్పు."

"మన ఊరికంటే పెద్దదా?"

"పెద్దదే. కానీ మన మీద పడదు."

'పెద్దదే' అన్న మాట ఊరంతా తిరిగి వచ్చింది. 'పడదు' అన్న మాట వాసం దగ్గరే ఉండిపోయింది. పావుగంటలో బడి నిండా వలలూ, ఉప్పుచేపల జాడీలూ, ఉయ్యాలలూ, కోళ్లూ చేరాయి. నల్లబల్ల కింద ఒక మేక ఈనడానికి సిద్ధంగా ఉంది. జనంతోపాటు దంపతులిద్దరూ అక్కడికే వచ్చి కూర్చున్నారు.

అప్పుడు తడిసిన పంచెతో పోలేరయ్య లోపలికి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. అతను నోరు తెరవకముందే అందరూ నోళ్లు మూసుకున్నారు.

"గంప ఎవురు ఎక్కించినారు?"

జయకుమార్ లేవబోయాడు. అతని చొక్కా పట్టి కూర్చోబెట్టి కరుణ లేచింది.

"నేనే పెద్దాయనా. తంతి రాలేదు. పాఠం కోసం ఎక్కించాను. అది తుఫాను గంపని నాకు తెలియదు."

"అయితే దించేద్దాం మామా" అన్నాడు మాల్యాద్రి.

"ఎక్కిన గంప పొద్దుగుంకేదాకా దిగగూడదు. ఒకపాలి మా తాత తొందరపడి దించినాడు. ఆ కత నేను చెప్పను" అని పోలేరయ్య ఇసుక దులుపుకుని కూర్చున్నాడు.

సరిగ్గా ఆ నిమిషంలో బయట జీపు ఆగింది. తెల్లటి పంట్లాము, నల్లటి గొడుగుతో పరంజ్యోతి గారు మెట్టెక్కి, గుమ్మంలో జాడీ తగిలి, లోపల మేకను చూసి నిలబడిపోయారు.

"ఇది బడా, సంతా?"

"సూర్యుడి మీద కాగితం ఊడిపోయిందండీ" అన్నాడు జయకుమార్ కంగారుగా.

పరంజ్యోతి గారు ఆ జవాబును రెండుసార్లు మనసులో చదువుకున్నట్టు కనిపించారు. కరుణకు చెవుల్లో సూళ్లూరుపేట రైలు కూత వేసింది. కాఫీ ఫిల్టరు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

పోలేరయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, ఈయమ్మ మా ఏట చెడగొట్టింది. ఎందుకు చెడగొట్టిందో మాకు తెలవాల. పొద్దుగుంకేదాకా మాకూ వేరే పని లేదు. చెప్పమ్మా, ఆ రాయి ఎంత దూరాన పోతా ఉండాది? మైళ్లు మాకు తెలవవు. బారల్లో చెప్పు."

బారల్లో! కరుణకు ప్రాణం లేచి వచ్చింది. చెంగున ముడివేసుకున్న శనగగింజ విప్పి, మెట్టు దగ్గర కూర్చున్న ముసలమ్మ అరచేతిలో పెట్టింది.

"అదిగో, వాసం మీది గంప సూర్యుడనుకోండి. ఇది మన భూమి. నెల్లూరు, సముద్రం, మనం, అందరం దీనిమీదే ఉన్నాం. మాల్యాద్రన్నా, ఇక్కడి నుంచి రెండు బారలు కొలువు."

మాల్యాద్రి చేతులు చాచి రెండుసార్లు కొలిచి నిలబడ్డాడు.

"అక్కడ, కంటికి కూడా ఆనని పిండి నలుసు ఒకటి పోతోంది. అదే ఆ రాయి. దానికి మన మీద పగ లేదు. దాని దారిన అది పోతోంది."

"రెండు బారల అవతల పిండి నలుసుకు బెదిరి నలభై తెప్పలు తిప్పినామా!" అన్నాడు పోలేరయ్య. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంతలో ముసలమ్మ చంకలోని కోడి మెడ చాచి, భూమిని ఒక్క ముక్కుపోటుతో మింగేసింది.

బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వులు.

"నా కోడికి ఏమన్నా అవతాదా అమ్మణ్ణీ?"

"మనందరం దాని పొట్టలోనే ఉన్నాం. జాగ్రత్తగా చూసుకో."

ఇక ప్రశ్నలు ఆగలేదు. రాయి ఎందుకు పడదని ఒకరు, ఎవరు తిప్పుతారని ఒకరు. కరుణ వలకు కట్టే గుండు ఒకదాన్ని తాడుకు కట్టి గిరగిరా తిప్పి చూపించింది. ఇది మళ్లీ పంతొమ్మిదేళ్లకు ఇలాగే దగ్గరగా వస్తుందని చెప్పింది.

"అప్పుడు మాత్రం గంప ఎక్కించబాకమ్మా" అన్నాడు పోలేరయ్య.

ఇంత గోలలోనూ పరంజ్యోతి గారు మూల నిలబడి హాజరు పట్టీ తిరగేస్తూ, పిల్లల తలలు లెక్కపెడుతున్నారు. పట్టీలో పేర్లు యాభై మూడు. తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు పిల్లలంతా అటే పరుగెత్తుతారు గనుక, ఆయన వచ్చినప్పుడల్లా కనిపించేది పదకొండు మందే. ఇంతమందికి ఇద్దరు పంతుళ్లెందుకని పైవాళ్లు ఆయన్ని అడుగుతూనే ఉన్నారు.

"యాభై మూడు!" అన్నారు ఆయన. పట్టీ టపీమని మూశారు. "తొమ్మిదేళ్లలో యాభై మూడు పేర్లకూ యాభై మూడు మొహాలు చూడటం ఇదే మొదలు. అమ్మా, సూళ్లూరుపేటకు రానని ఈరోజే ఉత్తరం రాసెయ్."

కరుణ ఆనందంతో పక్కనున్న పోలేరయ్య చెవిని మెలిపెట్టబోయి, చివరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జయకుమార్, సైన్సు ఇక అమ్మాయే చెబుతుంది. నువ్వు డ్రిల్లు చూసుకో" అన్నారు పరంజ్యోతి గారు జీపు ఎక్కుతూ.

సోమవారం నుంచి సరుగుడుపాలెం ఇసుకలో పొద్దున్నే జయకుమార్ ఈల వినిపిస్తోంది. దాన్ని విని ఇంతవరకు ఒక్క తెప్ప కూడా వెనక్కి తిరగలేదని పోలేరయ్య అందరికీ తృప్తిగా చెబుతుంటాడు.