సైలెన్సరు మీద సైలెన్సరు

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నదే. పాప లేవకముందే కారు తీసి, పొగ పరీక్ష చేయించి, కొత్త సర్టిఫికెట్‌తో ఇల్లు చేరడం. పాతదానికి ఆ రోజుతో గడువు తీరిపోతుంది. పరీక్ష తప్పితే కారు గుమ్మం దాటడానికి లేదు. మర్నాటి నుంచి భార్యకు ఆసుపత్రిలో తెల్లవారుజాము డ్యూటీ, ఆ వేళకు బస్సులుండవు.

అతనిది పరుపుల కొట్టు. మెత్తని పరుపుల మధ్య కూర్చుని రోజంతా ఎటో చూస్తుంటాడని అందరూ కలలరాయుడు అంటారు. నిద్ర గురించి తనకు తెలిసినంత ఎవరికీ తెలియదని అతని నమ్మకం. తీరా ఆయనగారి పాపే రోజూ పొద్దున్నే, అతను కారు తీసుకుని కొట్టుకు వెళ్లే వేళకు, లేచి ఏడుస్తోంది. కిటికీ కింద గుడగుడలాడే పాత కారే కారణమని తేల్చి, నిన్న కార్ల మేస్త్రి చేత సైలెన్సరు వెనక ఇంకో సైలెన్సరు తగిలించాడు. చోటు చాలక మేస్త్రి మధ్యలో ఉన్న డబ్బా ఒకటి ఊడదీశాడు.

మంచు కమ్మిన వీధిలో తాళం తిప్పాడు. చప్పుడే లేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ తిప్పాడు. అప్పటికే నడుస్తున్న ఇంజిను కీచుమని అరిచింది. మేడ మీద పాప అందుకుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. భార్య మెట్లు దిగివచ్చి పాపను కారులోని చిన్న సీటులో కట్టేసింది.

"నిన్న రెండు డ్యూటీలు చేసొచ్చాను. మీ నిద్రశాస్త్రం ఏదో ఇవాళ దీని మీద చూపించండి" అని వెళ్లిపోయింది.

పరీక్ష కేంద్రం గేటులోకి కారు మబ్బుతునకలా జారింది. కాపలాదారు చెవి రిక్కించి, "బ్యాటరీ బళ్లు ఎడమవైపు సార్" అన్నాడు. ఆ మాట ఎంత హాయిగా వినిపించిందంటే, కలలరాయుడికి కాదనబుద్ధి కాలేదు. ఎడమవైపే వెళ్లాడు. అక్కడి గుమాస్తా కారు చుట్టూ తిరిగి వెనక ఆగాడు.

"బ్యాటరీ బండికి పొగ గొట్టం దేనికండీ?"

"అందానికి" అన్నాడు, ఇంకా మబ్బు దిగని కలలరాయుడు. గొట్టం కాస్త పొగ వదిలింది.

గుమాస్తా వెళ్లి ఇన్‌స్పెక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ టార్చి వేసి కిందికి వంగింది.

"పొగలో విషం విరిచే డబ్బా ఇక్కడుండాలి. ఏదీ?"

"మేస్త్రి దగ్గరుంది మేడమ్. చప్పుడు తగ్గిద్దామనే గానీ..."

"చప్పుడు పెంచి దొరికినవాళ్లు బోలెడుమంది. తగ్గించి దొరికింది మీరొక్కరే. ఎటు మార్చినా చట్టానికి మార్పు మార్పే, ఆ డబ్బా తీయడం ఇంకా పెద్ద తప్పు. పైగా బ్యాటరీ బండని చెప్పారట."

"నేను చెప్పలేదండీ. గేటు దగ్గర ఆయనంటే ఊరుకున్నాను."

"కేంద్రం మూసేలోగా ఉన్నదున్నట్టు బిగించి తెండి. లేదంటే రేపు మీ బండి రోడ్డెక్కదు."

చీకట్లో ఒంటరిగా నడిచిపోతున్న భార్య కలలరాయుడి కళ్లముందు కదిలింది. ఏడుస్తున్న పాపతో కారును షెడ్డుకు పరిగెత్తించాడు. మేస్త్రి షెడ్డంతా గాలించి, చివరికి తను అలిసి కూర్చున్నది ఆ డబ్బా మీదేనని గ్రహించి లేచాడు.

"ఇది తీస్తే తప్పని చెప్పొద్దూ?" అన్నాడు కలలరాయుడు.

"చప్పుడు పోవాలన్నారు, పోయింది. తప్పొప్పులు మీరడగలేదు కదా సార్."

డబ్బా ఎక్కింది, రెండో సైలెన్సరు దిగింది. పాత కారు పాత గొంతుతో గుడగుడమంది. పాప రెండు ఎక్కిళ్లు పెట్టి నిద్రపోయింది. కలలరాయుడు కంగారుగా ఇంజిను ఆపాడు. పాప లేచింది. మళ్లీ వేశాడు. మళ్లీ పడుకుంది.

ఇన్నాళ్లూ పాప ఏడ్చింది చప్పుడు వినపడి కాదు, కారు మలుపు తిరిగాక అది వినపడక. నిద్ర పండితుడికి సిగ్గేసింది. అంతలోనే, తన డొక్కు కారు కూతురికి జోల పాడుతోందన్న సంతోషంతో కళ్లు చెమర్చాయి.

ఈసారి ఇన్‌స్పెక్టరమ్మ గొట్టంలో నాళం పెట్టి, అంకెలు చూసి, పాపను చూసి, "పాస్" అని గుసగుసగా చెప్పింది.

ఇంటి ముందు భార్య ఎదురొచ్చింది. "అయిందా?"

"అయింది. రేపు నువ్వు దర్జాగా కార్లో వెళ్లొచ్చు."

"హమ్మయ్య. పాప కూడా పడుకుందే. ఇంక ఇంజిను ఆపి లోపలికి రండి."

కలలరాయుడు పాప వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మెల్లగా గేరు వేసి వీధి చివరికి సాగిపోయాడు.

ఆ రోజు పరుపుల కొట్టు తెరుచుకోలేదు. యజమాని చట్టబద్ధంగా పెట్రోలు కాలుస్తూ తిరిగాడు.