బుధవారం పెద్దకూర

ఆ బుధవారం పొద్దున లేస్తూనే ప్రవీణ తేల్చేసుకుంది. ఇవాళ తన వంటింట్లో, తలుపులు బార్లా తీసి మరీ, బీఫ్ వండుతుంది. ఏమవుతుందో చూద్దాం.

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఆ ఇంట్లోకి హారికతో కలిసి దిగి ఏడాదైంది. అద్దె చెరి సగం, పెత్తనం మాత్రం మొత్తం హారికదే. "చికెన్ వండుకో, నేనూ తింటా. బీఫ్ మాత్రం బయటే తినేసి రా" అని మొదటిరోజే చెప్పేసింది. జనగామ దగ్గర, ఆదివారాలు నాయన చేతి పెద్దకూర తిని పెరిగిన ప్రవీణ, ఏడాదిపాటు బస్టాపుల్లో చలికి వణుకుతూ దొంగలా తిని వచ్చింది. ఎందుకట? ఎవరి సొమ్ము తిందని?

సమయమూ కలిసొచ్చింది. ఈ సెమిస్టర్‌లోనే పరిచయమైన సెలామావిట్‌ది ఇథియోపియా. వాళ్ళమ్మ వండే 'గొమెన్ బె సిగా', అంటే ఆకుకూర వేసిన బీఫ్, తలచుకుని మొన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏం వండుతున్నదీ చెప్పకుండా ప్రవీణ ఆమెను భోజనానికి పిలిచింది. రోజు కూడా ఆచితూచి ఎంచింది. హారికకు సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకన్న. ఆదివారం సెలామావిట్‌కు చర్చి. బుధవారం ఏ దేవుడూ అడ్డు రాడు.

మాంసం మెత్తబడింది. తరిగిన ఆకు, అల్లం, పచ్చిమిర్చి పడ్డాయి. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటున్న హారిక ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది.

"ఏంటే ఆ వాసన?"

"పెద్దకూర. నీ భాషల బీఫ్."

"పొయ్యి ఆపేయ్."

"ఆపను. ఏడాది నీ మాట విన్న. ఇగ విన."

హారిక రుసరుసలాడుతూ వెళ్ళి ఊళ్ళోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: 'మా కిచెన్‌లో ఘోరం జరుగుతోంది. ఎవరైనా అర్జెంటుగా రండి.'

పక్కవీధిలోనే ఉంటున్న రిటైర్డ్ డాక్టర్ భాస్కరమూర్తి అది చదివి ఎవరో ఒళ్ళు కాల్చుకున్నారనుకున్నారు. మందుల సంచి పట్టుకుని, ఇంటి చెప్పులతోనే మంచులో పరుగెత్తారు. కింది వాటాలోని జర్మన్ ముసలావిడ ఆ పరుగు చూసి, పైన ఎవరో పోతున్నారని అంబులెన్స్‌కి ఫోన్ కొట్టింది.

"ఎవరికమ్మా కాలింది?" మూర్తిగారు రొప్పుతూ అడిగారు.

"కాలలేదు అంకుల్. అది బీఫ్ వండుతోంది. మీరైనా బుద్ధి చెప్పండి."

"నేను గాయాలకి మందు రాస్తానమ్మా, కూరలకి కాదు" అని ఆయన కుర్చీలో కూలబడ్డారు.

అంతలో స్ట్రెచర్‌తో ఇద్దరు దిగబడ్డారు. ఆయాసపడుతున్న మనిషి ఒక్కరే కనబడేసరికి ఆయన చేతికే బీపీ పట్టీ చుట్టేశారు. "డాక్టర్ని నేనయ్యా" అని ఆయన మొత్తుకుంటుంటే, అలాగేనంటూ ఓదార్చారు.

వీధిలో అంబులెన్స్ చూసిన సెలామావిట్ ఏడుస్తూ మెట్లెక్కింది. గరిటెతో నిలబడ్డ ప్రవీణను వాటేసుకుంది. అప్పుడు తగిలింది వాసన. మూత తీసి, ఆవిరిలో ముఖం పెట్టి, గుండెల నిండా పీల్చింది.

"అచ్చం మా అమ్మ వండినట్టే ఉంది" అంది ఇంగ్లీషులో. "కానీ ఇవాళ తినలేను. మా చర్చి పద్ధతిలో బుధ, శుక్రవారాలు ఉపవాసం. మాంసం ముట్టుకోం."

ప్రవీణ ప్రాణం ఉసూరుమంది. హారిక ముఖం మాత్రం వెలిగిపోయింది. "చూశావా, ఆ అమ్మాయిది ఎంత నిష్ఠో. అలా ఉండాలి మనిషంటే. ఇప్పటికైనా ఆ గిన్నె బయట పారేయ్."

సెలామావిట్‌కు తెలుగు రాకపోయినా, గిన్నెవైపు చూపించిన వేలు అర్థమైంది. "ఎందుకు పారేయాలి?" అని హారికనే అడిగింది. "ఉపవాసం నాది. నా నోరు నేను కట్టుకుంటాను. ఆమె పొయ్యి ఎందుకు ఆర్పుతాను?"

హారిక మూర్తిగారి వైపు తిరిగింది. చేతికి ఇంకా పట్టీ ఉండగానే ఆయన, సెలామావిట్ మాటే నిజమన్నట్టు తల ఊపారు.

సెలామావిట్ తన వాటా రేపటికని డబ్బాలో తీసిపెట్టి, ప్రవీణకు తన చేత్తో వడ్డించింది. ఏడాది తర్వాత ప్రవీణ తన ఇంట్లో, కూర్చుని, వేడివేడిగా తింది. తలుపు మాత్రం వేయలేదు.

వాసన పోవాలని హారిక పంతంకొద్దీ కిటికీ తెరిచింది. బయట మంచు బాగా కురుస్తోంది, కాసేపటికి తనే వచ్చి మూసుకుంది.