దేవరాజులు గీసిన గీత

ఆ ఉదయం పుంగనూరులో దేవరాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధివాళ్లను పోగేసి ఒక సంఘం పెట్టాలి, దానికి తాను అధ్యక్షుడు కావాలి, మురుగుకాలువ ఎటు పోవాలో వీధి ప్రణాళికలో చేర్పించాలి. ఆ కాలువ తన కొత్త వరండా జోలికి మాత్రం రాకూడదు. వీధి స్థలంలోకి జరిపి కట్టించుకున్న ఆ వరండా అంటే ఆయనకు ప్రాణం.

అవి జన్మభూమి రోజులు. జనమే తమ వీధి పటాన్ని నేలమీద ముగ్గుపిండితో గీయాలని మున్సిపాలిటీ వాళ్లు చెప్పిపోయారు. నలుగురూ చేరితే నాలుగు మాటలొస్తాయని దేవరాజులు తెల్లవారగానే ఒక్కడే పనిలోకి దిగాడు. భార్య శారదమ్మ ముగ్గుపిండి ముట్టనివ్వలేదు. వరండాకు వెల్లవేయగా మిగిలిన సున్నంతో అందరి అరుగులమీదుగా కాలువ గీత లాగాడు. సొంత వరండా దగ్గర గీత వినయంగా పక్కకు తప్పుకుంది. తరువాత టిఫిను తిని, ఆఫీసరును పిలుచుకురావడానికి వెళ్లాడు.

వాకిలి ఊడ్చడానికి బయటికొచ్చిన గోవిందమ్మ తన అరుగుమీద తెల్లగీత చూసి చీపురు పారేసింది. నిరుడు బజారు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు ఇలాంటి గీతే వచ్చింది, వెనకాలే ఇళ్లు కూల్చే పొక్లెయిను వచ్చింది. ఆమె పక్కింటి కృష్ణప్పను లేపింది.

"మిషను వచ్చేలోగా మనమే పెరుక్కుంటే బండలన్నా మిగులుతాయి. గడ్డపార తేప్పా."

ఆమె మొదటి దెబ్బ వేసేసరికి వీధంతా గడ్డపారలు లేచాయి. మిషను మదనపల్లె రోడ్డు దాటిందని ఎవరో అన్నారు. ఎవరు చూశారని ఎవరూ అడగలేదు. కృష్ణప్ప కంగారులో గీత తాకని స్నానాలగది కూడా పడగొట్టుకున్నాడు.

ఆఫీసరుతో తిరిగొచ్చిన దేవరాజులు వేరే వీధికి వచ్చాననుకుని వెనక్కి తిరగబోయాడు. సంగతి తెలిశాక అది కాలువకోసం గీసిన ఉత్త పటమని నసిగాడు. గోవిందమ్మ కూలిన అరుగుమీద కూలబడింది.

ఆఫీసరు మాత్రం మురిసిపోయాడు. ఇంత ఐకమత్యం ఎక్కడా చూడలేదని, కాలువ వెంటనే మంజూరు చేయిస్తానని అన్నాడు. అడ్డంగా ముందుకొచ్చిన ఆ ఒక్క కట్టడం ఎవరిదని అడిగాడు. అందరి తలలూ ఒకేసారి తిరిగాయి.

"గీత నీ ఇంటికాడ యాల వంకర పోయుండాదప్పా?" అంది గోవిందమ్మ, లేస్తూ.

"ఆడ కొంచెం చెయ్యి వణికిందమ్మా."

"పోనీలేప్పా, మా చేతులు వణకవు," అని కృష్ణప్ప గడ్డపార అందుకున్నాడు.

సంఘం అక్కడికక్కడే ఏర్పడింది. దేవరాజులు కోరుకున్నట్టే ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. వరండా తొలగించాలన్న తొలి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది, అధ్యక్షుడికి ఓటు లేదు కాబట్టి.