సృష్టికి ముందు సంగతులు, మా వీధి నీళ్లు

కాలం పుట్టకముందు ఏముందో తెలియకుండా బతకడం కూడా ఒక బతుకేనండీ? మా అలెగ్జాండ్రియా వాళ్లకు ఆ లోటు లేదు. అందరికీ తెలుసు. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుసు!

ఇది ఊరికి పట్టిన పీడ అని గొణిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మా మంగలి సగం గడ్డం గీసి, కత్తి గొంతు దగ్గర ఆపి, "సృష్టికి ముందు తండ్రి దేవుడు ఒక్కడేనా, ఆయన కొడుకూ ఉన్నాడా?" అని అడుగుతాడు. వేదాంతం మీద అంత శ్రద్ధ మీకు ఇంకెక్కడ కుదురుతుంది?

మా వీధి కింద నీళ్ల తొట్టి ఉంది. ఏటా నైలు వరదకు ఒక్కసారి నిండుతుంది, ఏడాదంతా అవే తాగాలి. అందుకని వరదకు ముందే పూడిక తీయాలి. పెకూసిస్ తాడు కట్టుకుని దిగుతాడు. అతని బావమరిది కొప్రెస్ పైన తాడు పట్టుకుంటాడు.

ఈ ఏడు పెకూసిస్ దిగనన్నాడు.

"దేవుడి కొడుక్కే ఒక మొదలుందని అంటగట్టేవాడి చేతిలో నా ప్రాణం పెట్టాలా?"

"తండ్రి కనకముందే కొడుకుంటాడా బావా? మీ ఇంట్లో అలాగే జరిగిందా?"

"ఒరేయ్, కాలమే లేనప్పుడు ముందేంటిరా, వెనకేంటిరా!"

ఆహా, ఏం మాట! నెల్లాళ్లు సాగింది. నేను రోజూ గట్టు మీద కూర్చుని ఇద్దరినీ మెచ్చుకున్నాను. ఈలోగా నైలు ఎవరినీ అడక్కుండా వచ్చేసింది. పాత బురద మీద, అందులో పడి చచ్చిన పిల్లి మీద కొత్త నీళ్లు నిండాయి.

నిన్న నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని తాయెసి బిందెలోకి వంగి, ముక్కు మూసుకుని, బయటికొచ్చి ఆ ఇద్దరినీ పట్టుకుంది.

"లోకం పుట్టకముందు సంగతి తర్వాత చెబుదురుగాని, వరద రాకముందు మీరేం చేశార్రా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను బిందె పుచ్చుకుని పక్క వీధికి పరుగెత్తాను. అక్కడంతా ఒకటే పక్షం, కాబట్టి పూడిక తీసుకున్నారు. నీళ్లు తేటగా ఉన్నాయి. తొట్టి దగ్గర ఉన్న ఆవిడ మూత మీద చెయ్యి వేసి నన్ను ఎగాదిగా చూసింది.

"నీళ్లకేం, ఇస్తాను. ముందు చెప్పు, కొడుకు ఎప్పట్నుంచి ఉన్నాడు?"

"మీరెప్పట్నుంచంటే అప్పట్నుంచే తల్లీ," అన్నాను. "నా కొడుకు మాత్రం ఇప్పుడే పుడుతున్నాడు. మూత తియ్యండి!"