ఏట్రింతకు జంట కట్టిన సంఘం

పెద్ద అడవే, కాదనను. అంత పెద్ద అడవికీ ఆకాశంలోంచి దిగే డేగంటే హడల్. పూరేడు పిట్ట మంగాయమ్మ అయిదు గుడ్లు పొదిగి పిల్లల్ని లేపితే, ఇద్దర్ని డేగ అప్పటికే తన్నుకుపోయింది.

"కాపలాకి నేనున్నా కదమ్మా!" అంది ఏట్రింత. పిడికెడు నల్లపిట్టే గానీ, డేగ వీపెక్కి పొడిచి తరిమే మొండిఘటం. మంగాయమ్మ ప్రాణం కుదుటపడింది.

కానీ దేనికైనా ఓ పద్ధతుండాలిగా! ఏనుగు అధ్యక్షతన ఆకాశ రక్షణ సంఘం కూర్చుంది. నిపుణుడు తాబేలు, సభ్యుడు పంది. పుట్టి బుద్ధెరిగాక ముగ్గురిలో ఒక్కరూ జానెడెత్తు ఎగిరింది లేదు. అదే వాళ్ళ అర్హత. ఎగిరేవాళ్ళైతే తమవైపు లాక్కుంటారట!

"ఒంటి పిట్ట! గాల్లో రెక్క పట్టేస్తే గతేంటి?" అంది తాబేలు. "రెండింటిని కలిపి కడదాం. ఒకటి అలిసినా రెండోది ఇంటికి చేరుస్తుంది."

"అయ్యా, నా బలమంతా చటుక్కున మలుపు తిరగడంలోనే ఉంది," అని మొత్తుకుంది ఏట్రింత.

"నీకేం తెలుసు, ఎగిరేదానివి!" అని కసిరింది పంది.

చర్చ నెల సాగింది. అది తేలేదాకా ఏట్రింత ఎగరకూడదన్నారు. ఆ నెలలో మంగాయమ్మ ఇంకో ఇద్దర్ని పోగొట్టుకుంది. సంఘం ఏకగ్రీవంగా సంతాపం తెలిపింది.

చివరికి రెండు ఏట్రింతల్ని తీగతో కలిపి కట్టి వదిలారు. డేగ రానే వచ్చింది. ఒకటి ఎడమకి లాగింది, ఒకటి కుడికి. రెండూ గిరగిరా తిరిగి రేగుపొదలో పడ్డాయి. డేగ తాపీగా మిగిలిన ఒక్క పిల్ల మీదికి దిగి కాళ్ళతో పట్టేసింది.

"నా కొంప ముంచార్రా!" అంటూ మంగాయమ్మ పొదలో దూరి, ముక్కుతో తీగ తెంపేసింది. ఏట్రింత రివ్వున లేచి డేగ నడినెత్తిన నాలుగు పోట్లు పొడిచింది. డేగ పిల్లని వదిలేసి పారిపోయింది. మంగాయమ్మ బిడ్డని రెక్క కింద దాచుకుని బావురుమంది.

సాయంత్రానికల్లా నివేదిక వచ్చింది. "రెండు పిట్టలూ ప్రాణాలతో నేలకి చేరాయి కనుక ప్రయోగం విజయవంతం. అనుమతి లేకుండా ఒంటరిగా ఎగిరినందుకు ఏట్రింత సస్పెండ్. ఇకపై మూడేసి కట్టాలి."

"బాబూ, ఒంటరిగా ఎగిరే ఆ డేగకి ఎన్నింటిని జంట కట్టారు?" అనడిగింది మంగాయమ్మ.

"ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలి," అంది తాబేలు.

మంగాయమ్మ ఏమీ రాయలేదు. బిడ్డని తీసుకుని, సస్పెండైన ఏట్రింత గూడు కిందికే కాపురం మార్చేసింది.

నీతి: గాల్లో డేగని గెలవడం పిట్టవల్ల కూడా అవుతుంది, నేలమీద సంఘాన్ని గెలవడం డేగవల్ల కూడా కాదు.